ఇంట్లో కట్టే సీఎన్‌సీ రూటర్‌కు లీనియర్ రైల్ ఎంచుకోవడం ఎలా

చెక్కను కోసే, చెక్కే సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ నడిపే కోత మెషీన్) సొంతంగా కట్టాలనుకునేవాళ్లు చాలామంది లీనియర్ రైల్ దగ్గరే లెక్క మొదలుపెడతారు. మెషీన్‌లో కదిలే భాగాన్ని తిన్నగా నడిపించే పట్టా అది; దాని మీద జారే ముక్క పేరు బ్లాక్. పదిహేను సైజా, ఇరవై సైజా అని నాలుగు రోజులు వాదించుకుని ఆర్డర్ పెట్టేస్తారు. ఫ్రేమ్ సంగతి ఆ తర్వాత చూస్తారు. ఈ వరస తిరగేయండి. లీనియర్ రైల్ చూడ్డానికి గట్టి కడ్డీలా ఉంటుంది కానీ, మీటరు ముక్కను రెండు చివర్లలో ఆనించి పెడితే తన బరువుకే మధ్యలో కొద్దిగా దిగుతుంది. బోల్టులు బిగించాక కింద ఏ ఉపరితలం ఉంటే దాని ఆకారమే తీసుకుంటుంది. వంకర ఫ్రేమ్ మీద ఎంత ఖరీదైన రైల్ పెట్టినా అది వంకర రైలే. మీరు ఎంత చదునైన కూర్చుబడి (రైల్ కూర్చునే ఉపరితలం) తయారు చేయించగలరో తేలితేనే ఏ రైల్ కొనాలో తేలుతుంది.

గాల్లో మాట్లాడకుండా ఒక మెషీన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పని జరిగే మేర 600 × 900 మి.మీ. టేకు ప్యానెళ్ల మీద డిజైన్ చెక్కడం, ప్లైవుడ్, ఎండీఎఫ్, యాక్రిలిక్ కోయడం, అప్పుడప్పుడూ పల్చటి అల్యూమినియం. పూజ గది తలుపు మొత్తం ఒకేసారి పట్టదు, కానీ అందులో బిగించే ప్యానెల్ పడుతుంది. బెడ్ మీద వంతెనలా అడ్డంగా నిలిచే భాగం గ్యాంట్రీ. ఎక్స్ అంటే గ్యాంట్రీ మీద అడ్డంగా నడిచేది, వై అంటే పొడవునా నడిచేది, జెడ్ అంటే పైకీ కిందికీ.

ముందు మూడు అంకెలు రాసుకోండి

ఒకటి, ఒక్కో యాక్సిస్‌లో (నడిచే దిశలో) ఎంత దూరం నడవాలి. రెండు, కదిలే భాగం బరువు ఎంత. చేతిలో పట్టే ట్రిమ్ రూటర్ రెండు కిలోల లోపే ఉంటుంది. 2.2 కిలోవాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ (టూల్‌ను తిప్పే మోటారు) ఒక్కటే ఐదు కిలోల పైమాట. దానికి క్లాంప్, జెడ్ ప్లేటు, మోటారు కలిపితే పది కిలోలకు చేరుతుంది. మూడు, టూల్ మొన జెడ్ బ్లాకులకు ఎంత కిందికి వేలాడుతుంది. ఈ మూడోదాన్ని దాదాపు ఎవరూ రాసుకోరు. మెషీన్ వణుకుతోందని తర్వాత గొడవ పడేది మాత్రం ఎక్కువగా దీని వల్లే.

ఏ రకం?

డ్రాయర్ చానెళ్లతో కట్టిన మెషీన్ల వీడియోలు బోలెడు కనిపిస్తాయి. పెన్నుతో బొమ్మ గీయడానికైతే సరే. కోత పనికి వద్దు.

తర్వాతది రెండు చివర్లలో మాత్రమే పట్టుకున్న గుండ్రటి రాడ్. 3018 పేరుతో అమ్మే చిన్న మెషీన్లలో వచ్చేది ఇదే. అక్కడ 300 మి.మీ. దూరమే కాబట్టి నెట్టుకొస్తుంది. దాన్నే పొడవు పెంచి వాడదామనుకుంటే ఏమవుతుందో లెక్క చూడండి. 16 మి.మీ. స్టీల్ రాడ్‌ను 600 మి.మీ. దూరంలో ఆనించి, మధ్యలో పది కిలోల బరువు పెడితే దాదాపు 0.7 మి.మీ. వంగుతుంది. రెండు రాడ్లు పంచుకుంటే 0.35. పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది, మందం రెట్టింపైతే పదహారో వంతుకు తగ్గుతుంది. అంటే 300 మి.మీ. దగ్గర ఇదే రాడ్ 0.1 కంటే తక్కువే వంగుతుంది. మన 600 × 900 మెషీన్‌కు ఈ రకం పనికిరాదు, ఇంకో మాట లేదు.

కింద పొడవునా అల్యూమినియం ఆధారం ఉన్న గుండ్రటి రైల్ ఎస్‌బీఆర్16, ఎస్‌బీఆర్20 పేర్లతో దొరుకుతుంది. ఆధారం ఉంది కాబట్టి రాడ్ వంగే సమస్య పోతుంది. బేరింగ్‌కు కింద తెరిచిన నోరు ఉంటుంది. కిందికి నొక్కే బరువును బాగానే మోస్తుంది, ఆ నోటి వైపు పైకి లాగితే బలహీనం. చవక రకాల్లో ప్లే (లూజు) కూడా తెలుస్తుంది. బేరింగ్ కేసు పక్కన చిన్న స్క్రూ ఉంటే దాన్ని కొద్దిగా బిగించి ప్లే తగ్గించుకోవచ్చు, ఎక్కువ బిగిస్తే పట్టేస్తుంది. దీనికి ఒక మంచి గుణం ఉంది: కూర్చుబడి కాస్త అటూ ఇటూ ఉన్నా సర్దుకుపోతుంది. బేరింగ్ రాడ్ చుట్టూ కొద్దిగా తిరగగలదు కాబట్టి రెండు రైళ్ల మధ్య చిన్న మెలి ఉన్నా నడుస్తుంది. మీ దగ్గర డ్రిల్లు, గ్రైండర్ తప్ప ఏమీ లేవు, మెషీన్ షాప్‌కు వెళ్లే వీలూ లేదు అంటే ఎస్‌బీఆర్20 సిగ్గుపడాల్సిన ఎంపిక కాదు.

వీ-స్లాట్ అల్యూమినియం మీద ప్లాస్టిక్ చక్రాలు నడిచే పద్ధతి లేజర్‌కు, పెన్నుకు బాగుంటుంది. రూటర్ కింద ఆ చక్రాలు నొక్కుకుపోతాయి, కొంతకాలం కదలకుండా ఉంటే ఒకవైపు చదునవుతాయి.

ఇక మిగిలింది ప్రొఫైల్ రైల్. చతురస్రపు రైల్, దాని పక్క గాడుల్లో బాల్స్ మీద నడిచే బ్లాక్. పైకి, కిందికి, పక్కలకు ఏ వైపు తోసినా దాదాపు ఒకేలా ఆపుతుంది. జపాన్ కంపెనీ టీహెచ్‌కే 1970ల మొదట్లో మార్కెట్లోకి తెచ్చిన ఆలోచన ఇది. ఇప్పుడు మన దగ్గర చవకగా దొరికేవాటిలో ఎక్కువ భాగం తైవాన్ కంపెనీ హైవిన్ కొలతలను అనుసరించి చైనాలో తయారైనవి. హెచ్‌జీఆర్15, హెచ్‌జీఆర్20 అనేవి హైవిన్ పెట్టుకున్న పేర్లే; 15, 20 అంటే రైల్ వెడల్పు, మి.మీ.లో. అందుకే పెట్టె మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన అది హైవిన్ సరుకని అనుకోవద్దు. ఇందులోనే చిన్న సైజులు ఎంజీఎన్12, ఎంజీఎన్15. ఎంజీఎన్12 ఎత్తు 8 మి.మీ. మాత్రమే, ఎం3 బోల్టులతో బిగుస్తుంది. ట్రిమ్ రూటర్ పెట్టిన 300 × 300 మెషీన్‌కు అది చాలు.

సైజు: లోడ్ రేటింగ్ చూసి మోసపోకండి

హెచ్‌జీఆర్15కు వచ్చే మామూలు పొడవు బ్లాక్ ఒక్కోదాని డైనమిక్ లోడ్ రేటింగ్ కేటలాగ్‌లో 11 కిలోన్యూటన్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే టన్ను పైనే. మీ గ్యాంట్రీ మొత్తం కలిపినా 30 కిలోలు దాటదు. 6 మి.మీ. టూల్‌తో చెక్క కోసేటప్పుడు వచ్చే తోపు కొన్ని పదుల న్యూటన్లే. నకిలీ రైల్ రేటింగ్ అందులో సగమే అనుకున్నా మిగులే మిగులు. కాబట్టి 15 కంటే 20 ఎక్కువ బరువు మోస్తుంది అన్న వాదన మన మెషీన్‌కు వర్తించదు.

వర్తించేది బ్లాకుల మధ్య దూరం. జెడ్ మీద ఒకే రైల్‌పై ఉన్న రెండు బ్లాకుల మధ్య 100 మి.మీ. ఉందనుకోండి. ఒక్కో బ్లాక్‌లో అటూ ఇటూ 0.02 మి.మీ. ప్లే ఉంది. టూల్ మొన వాటి మధ్య బిందువుకు 200 మి.మీ. కింద ఉంది. పై బ్లాక్ ఇటు, కింది బ్లాక్ అటు జరిగితే మొన దగ్గర అది 0.08 మి.మీ. అవుతుంది. అదే బ్లాకులను 200 మి.మీ. దూరం జరిపితే 0.04. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా కదలిక సగమైంది. రైల్ సైజు పెంచి ఇంత లాభం తెచ్చుకోవడం కష్టం.

నా సలహా సూటిగా: మన ఉదాహరణ మెషీన్‌కు మూడు యాక్సిస్‌లకూ హెచ్‌జీఆర్15, ఒక్కో రైల్ మీద రెండు బ్లాకులు, అంటే ఆరు రైళ్లు, పన్నెండు బ్లాకులు. 20 సైజు కొనకపోవడం వల్ల మిగిలే డబ్బును ఫ్రేమ్ మిల్లింగ్‌కు (మెషీన్ మీద పైముఖం సమంగా చెక్కించడానికి) పెట్టండి. 20 తీసుకోవడానికి నాకు కనిపించే మంచి కారణం ఒకటే, దాని బోల్టులు ఎం5, 15కు ఎం4. స్టీల్‌లో చేత్తో ఎం4 ట్యాప్ కొట్టడం (రంధ్రంలో బోల్టు మరలు తీయడం) అలవాటు లేనివాళ్లకు ట్యాప్ విరగడం మామూలే. 900 మి.మీ. రైల్‌కు పదిహేను రంధ్రాలుంటాయి, పద్నాలుగోదాంట్లో ట్యాప్ విరిగితే ఆ బాధ వేరు.

ఎక్స్ మీద రెండు రైళ్లను గ్యాంట్రీ ముందు ముఖం మీద ఒకటి పైన, ఒకటి కింద పెడితే వీలైనంత ఎడంగా పెట్టండి. 120 మి.మీ. కంటే తగ్గితే స్పిండిల్ తల ఊపుతుంది. వై మీద ఒక్కో వైపు బ్లాకుల మధ్య కనీసం 150, వీలైతే 200. గ్యాంట్రీ 800 వెడల్పు ఉండి మధ్యలో మోటారు తిప్పే ఒకే పొడవాటి స్క్రూతో తోస్తే ఒక కాలు ముందు, ఒక కాలు వెనక అవుతుంది. రెండు వైపులా స్క్రూలు పెట్టండి.

కూర్చుబడి: అసలు పని ఇక్కడే

15, 20 సైజు రైళ్లకు తేలికపాటి ప్రీలోడ్ (లూజు లేకుండా బ్లాక్‌లో ముందే పెట్టిన బిగువు) ఉన్నప్పుడు, రెండు రైళ్లు సమాంతరంగా ఉండడంలో కేటలాగ్ ఒప్పుకునే తేడా 0.025 మి.మీ. ప్రాంతం. ఇంట్లో కట్టే చెక్క మెషీన్‌లో దీన్ని కొంత మించినా నడుస్తుంది, బ్లాక్ జీవితకాలం కొంత తగ్గుతుందంతే. కానీ వెల్డింగ్ చేసిన ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ట్యూబ్ ఫ్రేమ్‌లో తేడా మిల్లీమీటరు దాకా వెళ్తుంది. ట్యూబ్ కొన్నప్పుడు నిటారుగానే ఉంటుంది, వెల్డింగ్ వేడికి లాక్కుపోతుంది. దాని మీద నేరుగా రైల్ బిగిస్తే బ్లాక్ ఒకచోట వదులుగా, ఇంకోచోట పట్టేసినట్టు నడుస్తుంది.

మూడు దారులున్నాయి.

అన్నిటికంటే మంచిది మిల్లింగ్. ట్యూబ్ గోడ నాలుగైదు మి.మీ. మాత్రమే, మూలలు గుండ్రం. కాబట్టి రైల్ వచ్చే చోట 10 లేదా 12 మి.మీ. మందం పట్టీ ముందే వెల్డ్ చేయించండి. అన్ని వెల్డింగులూ అయిపోయాక, ఫ్రేమ్ మొత్తాన్ని ఒకేసారి మెషీన్ మీద బిగించి రెండు పట్టీలనూ ఒకే సెట్టింగ్‌లో ఫేసింగ్ (పైముఖం చదునుగా చెక్కడం) చేయించాలి. విడివిడిగా చేయించి తర్వాత వెల్డ్ చేస్తే డబ్బు దండగ. అదే సెట్టింగ్‌లో ఒక పట్టీ అంచున రెండు మూడు మి.మీ. మెట్టు కూడా తీయించుకుంటే రైల్‌ను దానికి ఆనించి బిగించవచ్చు, తర్వాత రోజంతా డయల్ గేజ్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, విజయవాడలో ఆటోనగర్ వైపు అడిగితే మెషీన్ షాపులు దొరుకుతాయి. బెడ్ పొడవు ఎంత అని ముందే ఫోన్లో కనుక్కోండి. 1200 మి.మీ. ఫ్రేమ్ పట్టే మెషీన్ ప్రతి షాపులో ఉండదు.

రెండోది ఎపాక్సీ. ఫ్రేమ్‌ను లెవెల్ చేసి, పట్టీల చుట్టూ టేపుతో గట్టు కట్టి, పల్చగా పారే, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీని కొన్ని మి.మీ. మందం పోస్తారు. రెండు పట్టీల మధ్య అడ్డంగా ఒక చిన్న కాలువ కట్టి రెండూ ఒకే మట్టానికి వచ్చేలా చూడాలి. అసలు కిటుకంతా ఆ కాలువలోనే ఉంది. గట్టు అంచున ఎపాక్సీ పైకి పాకుతుంది కాబట్టి రైల్ వెడల్పు కంటే రెండు పక్కలా సెంటీమీటరైనా ఎక్కువ పోయండి. మే నెల మధ్యాహ్నం పోయొద్దు. వేడికి తొందరగా బిగుసుకుంటుంది, సర్దుకునేంత సమయం ఉండదు.

మూడోది షిమ్. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద సందు ఎక్కడుందో ఫీలర్ గేజ్‌తో కొలిచి, అక్కడ పల్చటి రేకు ముక్కలు పెట్టడం. ఇత్తడి షిమ్ దొరక్కపోతే కూల్‌డ్రింక్ డబ్బా రేకు దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది, కత్తెరతో తెగుతుంది. షిమ్‌లు బోల్టు దగ్గరే పెట్టాలి, రెండు బోల్టుల మధ్య గాల్లో కాదు. ఓపిక ఉంటే ఇదీ పనిచేస్తుంది, కానీ రెండేళ్ల తర్వాత ఫ్రేమ్ విప్పితే మళ్లీ మొదటి నుంచి.

4040, 4080 అల్యూమినియం ప్రొఫైల్ (పక్కల గాడులుండే కడ్డీ) మీద కడుతున్నారా? అది కొన్నప్పుడే ఓ మోస్తరు నిటారుగా ఉంటుంది కాబట్టి చిన్న మెషీన్‌కు నేరుగా బిగించవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి: వేడికి అల్యూమినియం స్టీల్ కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 20 డిగ్రీల తేడాకు మీటరు పొడవులో రెండింటి మధ్య 0.2 మి.మీ. పైన తేడా వస్తుంది. రేకుల షెడ్డులో మెషీన్ పెడితే సంక్రాంతికి సెట్ చేసింది వేసవిలో కొద్దిగా విల్లులా వంగడానికి ఇదే కారణం.

ఏ దారి ఎంచుకున్నా మెలి ఉందో లేదో చూడడానికి మేస్త్రీల పద్ధతే చాలు. నాలుగు మూలల మీద ఒకే మందం ముక్కలు పెట్టి, రెండు దారాలను ఎదురెదురు మూలలకు బిగుతుగా కట్టండి. మధ్యలో దారాలు ఒకదాన్నొకటి ఊరికే తాకితే మెలి లేదు. కింది దారాన్నీ పై దారాన్నీ మార్చి ఇంకోసారి చూడండి. వంటగది గ్రానైట్ బండను మాత్రం కొలతకు ఆధారంగా తీసుకోవద్దు. చీమకుర్తి రాయైనా సరే, అద్దంలా మెరుస్తుంది గానీ చదునుగా ఉందన్న హామీ లేదు.

పొడవు లెక్క, ఆర్డర్

నడవాల్సిన దూరం, బ్లాకుల మధ్య దూరం, ఒక బ్లాక్ పొడవు, రెండు చివర్లా చెరో 20 మి.మీ. ఇవన్నీ కూడితే రైల్ పొడవు. 15 సైజు మామూలు బ్లాక్ పొడవు 61 మి.మీ. చిల్లర. ఎక్స్‌కు 600 + 150 + 61 + 40, అంటే 851. 900 ముక్క తీసుకోండి. వైకి 900 + 200 + 61 + 40, అంటే 1201. 1200 సరిపోతుంది. జెడ్‌కు 120 నడక, బ్లాకుల మధ్య 90 అనుకుంటే 311. 350 తీసుకోండి. జెడ్‌లో బ్లాకులను ఎక్స్ ప్లేటుకు, రైళ్లను స్పిండిల్ ప్లేటుకు బిగిస్తే రైల్ ఆ ప్లేటుకు వెన్నెముకలా పనిచేస్తుంది.

రంధ్రాల మధ్య దూరం 15కూ 20కీ 60 మి.మీ. కానీ చివరి రంధ్రం నుంచి అంచుకు దూరం అమ్మేవాళ్లను బట్టి మారుతుంది. రైల్ చేతికొచ్చాకే ఫ్రేమ్‌కు రంధ్రాలు వేయండి, డ్రాయింగ్‌ను నమ్మి ముందే వేయొద్దు.

బ్లాక్ పేరు చదవడం నేర్చుకోండి. హెచ్‌జీహెచ్ అంటే సన్నగా పొడుగ్గా ఉండేది, హెచ్‌జీడబ్ల్యూ అంటే రెండు పక్కలా రెక్కలు ఉన్నది. 15 సైజులో మొదటిది రైల్‌తో కలిపి 28 మి.మీ. ఎత్తు, రెండోది 24. ఒకే యాక్సిస్‌లో రెండు రకాలూ కలిపితే నాలుగు మి.మీ. మెట్టు వస్తుంది. 20 సైజులో రెండూ 30 కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ప్లేటు కింద నుంచి బోల్టు వేసే అవసరం ఉంటే రెక్కల రకం, చోటు తక్కువైతే సన్న రకం.

ప్రీలోడ్ గుర్తులు జెడ్0, జెడ్ఏ, జెడ్బీ. జెడ్0 తేలిక, జెడ్బీ గట్టి. కూర్చుబడి మిల్లింగ్ చేయించి ఉంటే జెడ్ఏ, లేకపోతే జెడ్0. గట్టి ప్రీలోడ్ ఉన్న బ్లాక్ వంకర ఫ్రేమ్ మీద బాల్స్‌ను నలిపేస్తుంది. చవక రైళ్ల మీద ఈ గుర్తులు ఉండవు, చేతికొచ్చాక చూసుకోవాల్సిందే. ఆరు రైళ్లనూ ఒకే అమ్మకందారు దగ్గర, ఒకే ఆర్డర్‌లో తీసుకోండి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట కౌంటర్ మీద చేత్తో నడిపి చూసి కొనే వీలుంటే ఇంకా మంచిది.

చేతికొచ్చాక

బ్లాక్‌ను రైల్ చివరి నుంచి ఊరికే బయటికి తీయకండి. చవకవాటిలో బాల్స్ నేల మీద చెల్లాచెదురవుతాయి. రైల్ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ ముక్క బ్లాక్‌తో పాటు వస్తుంది, దాన్ని రైల్‌కు ఆనించి బ్లాక్‌ను దాని మీదికి జరపండి.

రైల్‌ను చదునైన బల్ల మీద పెట్టి బ్లాక్‌ను రెండు వేళ్లతో నెమ్మదిగా తోయండి. ఒకే బరువుతో నడవాలి. కొద్దిగా బిగువు ఉంటే పర్వాలేదు. ప్రతి కొన్ని మి.మీ.కు కటకటమని తగులుతుంటే, ఒకేచోట ప్రతిసారీ ఆగుతుంటే వెనక్కి పంపండి. బ్లాక్‌ను అటూ ఇటూ ఊపి చూడండి, చేతికి లూజు తెలిస్తే అది జెడ్ యాక్సిస్‌కు పనికిరాదు. రైల్ పొడవునా కొద్దిగా వంగి ఉంటే కంగారు పడొద్దు, బోల్టులు సరిచేస్తాయి. మెలి తిరిగి ఉంటే మాత్రం తీసుకోవద్దు.

పొడవు ఎక్కువైతే కోయవచ్చు, కానీ పైపొర గట్టిపరిచిన స్టీల్ కాబట్టి హాక్సా పళ్లు పోతాయి. గ్రైండర్‌కు కటింగ్ వీల్ పెట్టి కోయండి. బ్లాక్‌లను దూరంగా తీసి పెట్టండి, కోసిన అంచును చాంఫర్ కొట్టండి (పదును పోయేలా ఏటవాలుగా అరగదీయండి). లేకపోతే మొదటిసారి ఎక్కించినప్పుడే సీల్ చిరుగుతుంది.

బిగించే వరస

రైల్ అడుగును, పట్టీని శుభ్రంగా తుడవండి. ఒక్క ఇనుప రజను చాలు, లెక్కంతా తప్పడానికి. ముందు ఒక రైల్‌ను ప్రధానంగా తీసుకుని మెట్టుకు గానీ స్ట్రెయిట్ ఎడ్జ్‌కు గానీ ఆనించి, మధ్య నుంచి చివరలకు బోల్టులు బిగిస్తూ పోండి. స్టీల్‌లో ఎం4కు దాదాపు 4, ఎం5కు 9 న్యూటన్ మీటర్లు. అల్యూమినియంలో అందులో సగం.

రెండో రైల్ బోల్టులన్నీ వదులుగా ఉంచి గ్యాంట్రీ ఎక్కించండి. గ్యాంట్రీని ఒక చివరకు తెచ్చి బ్లాక్ పక్కన ఉన్న బోల్టు బిగించండి. రెండో చివరకు తోసి అక్కడ బిగించండి. తర్వాత మధ్యలో, ఒక్కో బోల్టు దగ్గరా ఆగుతూ. రెండో రైల్ ఎక్కడ ఉండాలో గ్యాంట్రీయే చెబుతుంది. మొత్తం బిగించాక మోటారు, స్క్రూ తగిలించకముందే చేత్తో తోసి చూడండి. ఒక చివర బరువుగా నడిస్తే అక్కడి బోల్టులు వదులు చేసి మళ్లీ. ఈ దశలో విసుగొచ్చి మోటారు తగిలించేస్తే, బిగుతును మోటారు కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది, తర్వాత స్టెప్పులు మిస్సవుతాయి, అంటే చెప్పినంత దూరం నడవదు.

గ్రీజు, దుమ్ము

కొత్త రైల్ మీద ఉండేది తుప్పు పట్టకుండా పూసిన నూనె, అది లూబ్రికెంట్ కాదు. గుడ్డతో తుడిచి, బ్లాక్ చివర ఉన్న నిపుల్ ద్వారా లిథియం గ్రీజు ఎక్కించండి. మామూలు నంబర్ 2 గ్రీజు చాలు, గ్రాఫైట్ కలిసింది వద్దు. డబ్ల్యూడీ-40 కొడితే ఉన్న గ్రీజు కూడా కడుక్కుపోతుంది.

ఎండీఎఫ్ దుమ్ము గ్రీజును పీల్చి పిండిలా అతుక్కుంటుంది. అందుకే వై రైళ్లను బెడ్ మట్టానికి పైన పెట్టకుండా ఫ్రేమ్ పక్క ముఖాలకు, బెడ్ అంచు కిందకు వచ్చేలా పెట్టుకోవడం మేలు. రైల్ బోల్టు గుంతలకు వచ్చే ప్లాస్టిక్ మూతలు వేయండి. అవి లేకపోతే ఆ గుంతల్లో పేరుకున్న రజను బ్లాక్ సీల్ కిందికి చేరుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతంలో ఉంటే, మెషీన్ వాడని రోజుల్లో కూడా రైళ్ల మీద పల్చగా నూనె పూసి ఉంచండి. వానాకాలంలో వారం వదిలేస్తే బ్లాక్ ఆగి ఉన్నచోట గోధుమ రంగు గీత పడుతుంది. దాన్ని ఎమరీతో రుద్దొద్దు, నూనె గుడ్డతో తుడిచి బ్లాక్‌ను అటూ ఇటూ నడపండి.